అద్దాల్లో కూర్చున్న ముసలాయన

నాచారంలో ఒక నర్సింగ్ కాలేజీ ఉంది. అక్కడి అమ్మాయిలు నన్ను చూసి వైద్యం నేర్చుకుంటున్నారు.

ఈ మాటను మొదటిసారి ఉప్పల్‌లో, పొద్దున నడక ముగించి పార్కు బెంచీల మీద కూలబడే మా గుంపు ముందు వదిలాను. ఆ గుంపులో బస్సు డిపోలో కండక్టరుగా చేసి రిటైరైన ఒకాయన ఉన్నాడు. నాకు బావ వరస. బూటు లేసు కట్టుకుంటూ తలెత్తకుండానే అడిగాడు.

"నిన్ను సూసి నేర్సుకుంటున్నరా? ఏ రోగానికి?"

"రోగానికి కాదు బావా. నేను ఆడ ప్రొఫెసర్ లెక్క."

"గట్లనా. ప్రొఫెసర్ సాబ్, ఆ నడుమ నడుసుకుంట నడుసుకుంట తూలితే నిన్ను పట్టుకున్నదెవలు?"

ఈయనతో ఇదే గొడవ. కండక్టరుగా టికెట్ లేనివాళ్ళను పట్టుకున్న అలవాటు ఇంకా పోలేదు. ఇంటికి నడిచి వస్తూ ప్రొఫెసర్ పదవికి నేనే రాజీనామా చేశాను. సంగతేమిటంటే, నేను ఆ కాలేజీలో పేషెంటును. అదీ నిజంగా కాదు. నిజంగా నేను ఇంట్లోనే ఉంటాను, ఉప్మా తింటూ. అక్కడ ఉండేది నా బొమ్మ.

చూడనివాళ్ళకు చెప్పాలి. ఆ కాలేజీ ల్యాబులో ఒక ఖాళీ మంచం ఉంటుంది, దవాఖానాలో ఉండే ఇనుప మంచం. అమ్మాయిలు తలకు పట్టీ ఉన్న పెద్ద కళ్ళద్దాలు తగిలించుకుంటారు. తగిలించుకున్నా గది గదిలాగే కనిపిస్తుంది. అదే ఫ్యాను, అవే గోడలు, అదే మంచం. కాని మంచం మీద ఒక ముసలాయన కూర్చుని ఉంటాడు. లుంగీ, తెల్ల బనీను, భుజం మీద తువ్వాల. ప్రశ్న అడిగితే జవాబు చెబుతాడు. ముట్టుకుంటే గాలి. దీన్ని మిక్స్‌డ్ రియాలిటీ అంటారని కాలేజీ మేడం చెప్పింది. ఉన్నదాన్నీ లేనిదాన్నీ కలిపి ఒక్కచోట చూపించడమట. డెబ్బై ఏళ్ళుగా నేను చేస్తున్నది అదేనని ఆవిడకు చెప్పలేదు.

ఉదాహరణకు, నేను నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఇంజినీరుగా చేసి రిటైరయ్యానని మా వీధిలో చాలామంది నమ్ముతారు. నేను చేసింది ఇంజినీరింగ్ కంపెనీలోనే, అబద్ధం కాదు. స్టోర్ కిటికీ వెనుక కూర్చుని పొద్దున స్పానర్లు ఇచ్చేవాణ్ణి, సాయంత్రం వాపసు తీసుకునేవాణ్ణి. వాటితో ఏం బిగిస్తారో చూడడానికి ఎప్పుడూ లోపలికి వెళ్ళలేదు. లోపల చప్పుడు ఎక్కువ.

ఆ కాలేజీకీ నాకూ సంబంధం కలిపింది మా పైపోర్షన్‌లో అద్దెకుండే వాళ్ళ అమ్మాయి. జనగామ అవతల పల్లె నుంచి వచ్చిన కుటుంబం. తండ్రి ఒక ప్లాస్టిక్ కంపెనీలో మెషీన్ మీద ఉంటాడు. తల్లి మందుల కంపెనీలో ప్యాకింగ్ చేస్తుంది. పొద్దస్తమానం గోలీల అట్టలను డబ్బాల్లో పెట్టడం ఆమె పని. అమ్మాయి నర్సింగ్ ఆఖరి సంవత్సరం. సాయంత్రం గేటు తోసుకుని వస్తూ, సంచీ భుజం మీద నుంచి దింపకముందే ఒక మాట అడుగుతుంది.

"తిన్నవా తాతా?"

"తిన్న బిడ్డా. తలకాయ కూర, జొన్న రొట్టె."

"మస్తుగున్నదా?"

"మస్తుగున్నది. నీకు గూడ పెడ్దామంటే ఒడిసిపోయింది."

లోపలినుంచి మా ఆవిడ అరుస్తుంది. "పొద్దటి ఉప్మా బిడ్డా. గదే ఏడి జేసి పెట్టిన."

ఆ అమ్మాయి నా మాట నమ్మదు. నమ్మలేదని నాకు తెలియనివ్వదు. నవ్వి మెట్లెక్కుతుంది. నేను గేటు పక్కన కరివేపాకు కుండీకి నీళ్ళు పోస్తూ ఉంటాను. ఆ కుండీకి పొద్దునా సాయంత్రమూ నీళ్ళు పోసేది నేనే. భోజనం కాగానే చెంబు పట్టుకుని బయటికి వస్తాను. ఇంట్లో ఇంకే పనీ ముట్టుకోని మనిషికి మొక్క మీద ఇంత శ్రద్ధ ఏమిటా అని మా ఆవిడ ఆశ్చర్యపడేది.

ఒకరోజు ఆ అమ్మాయి మెట్ల దగ్గరే ఆగింది.

"తాతా, మా కాలేజీల పేషెంటు గావాలె. వస్తవా?"

ఉన్న పేషెంటు బాగాలేడట. యంత్రంతో పాటు వచ్చిన దొర అతను. ఎర్రటి ముఖం, చారల పైజామా. తెలుగు నేర్పించారు గాని, "నాకు ఛాతీ భాగంలో కొంత అసౌకర్యంగా ఉన్నది" అంటాడట. ఉప్పల్‌లో గాని నాచారంలో గాని ఏ ముసలాయన నోటా అసౌకర్యం అనే మాట రాదు. ఆ దొర దగ్గర నేర్చుకున్న పిల్లలు నిజమైన దవాఖానాకు వెళ్ళి "పానం గుంజుతున్నది బిడ్డా" అనేవాళ్ళ ముందు బిక్కమొహం వేస్తున్నారని మేడంకు దిగులు. అందుకని మన దిక్కు మనిషి, మన మాట కావాలట.

హైదరాబాదు మొత్తం వెదికి నన్నే ఎంపిక చేశారని పార్కులో చెప్పాను. ఆ అమ్మాయి వెతికింది మా గల్లీ వరకే. ఎదురింటాయనకు వినపడదు. పక్కింటాయన సిగ్గుపడ్డాడు. నాకు రెండూ లేవు, చెవుడూ సిగ్గూ.

రికార్డింగ్ చేసిన రోజు పెళ్ళికొడుకులా వెళ్ళాను. ఇస్త్రీ ప్యాంటు, చొక్కా. వాళ్ళు అవి విప్పించి లుంగీ, బనీను ఇచ్చారు. నా భుజం మీద ఎప్పుడూ ఉండే తువ్వాల మాత్రం ఉండనిచ్చారు. గది నిండా ఆకుపచ్చ గుడ్డ, మధ్యలో మంచం, చుట్టూ కెమెరాలు. కెమెరాల పని చూసేది కరీంనగర్ నుంచి వచ్చిన ఒకాయన, నలభై దాటినవాడు, నెమ్మదస్తుడు. నన్ను బాపూ అని పిలిచాడు. మేడం కథ వివరించింది.

"మీకు బీపీ ఉందండీ. తలనొప్పి అని దవాఖానాకు వచ్చారు. అసలు సంగతి, మీరు గోలీలు మానేశారు. మొదట అడిగితే వేసుకుంటున్నానని అబద్ధం చెప్పాలి. మా పిల్లలు మంచిగా మాట్లాడి మళ్ళీ అడిగితే, అప్పుడు నిజం చెప్పాలి. అది రాబట్టడమే వాళ్ళకు పరీక్ష."

అర్థమైందన్నాను. మొదటి సగం నిజంగానే బాగా అర్థమైంది. మేడంకు ఏదో మీటింగు ఉండి వెళ్ళిపోయింది. కరీంనగర్ ఆయన కాగితంలోని ప్రశ్నలు ఒక్కొక్కటే చదువుతుంటే నేను జవాబులు చెప్పాను. "బాపూ, కాగితంల ఉన్నట్టే కాకున్నా సరే, ఇంట్ల మాట్లాడినట్టు మాట్లాడు" అన్నాడు. ఆ స్వేచ్ఛ నాకు ఇవ్వకూడదు. ఆ సంగతి మా ఆవిడను అడిగితే చెప్పేది. గోలీలు వేసుకుంటున్నావా అంటే గడియారాన్ని తిట్టాను, నా అంత టైముకు అది నడవదని. రెండోసారి అడిగితే ఒట్టు పెట్టాను. మూడోసారికి గోలీల రంగు, రుచి, అట్ట మీద ఎర్ర గీత కూడా వర్ణించాను. ఒప్పుకోవాల్సిన మాట ఒకటి ఉందని నాకు తట్టనే లేదు. అంత బాగా అబద్ధమాడుతున్నప్పుడు మధ్యలో ఆపి నిజం చెప్పమంటే ఎవరికి మనసొప్పుతుంది. కథ సంగతి తెలియని కరీంనగర్ ఆయన పడిపడి నవ్వాడు. నేను ఇంకా రెచ్చిపోయాను.

మధ్యాహ్నం పెరుగన్నం పెట్టించారు. తిన్నాక మంచం మీదే కూర్చుని ఆయనా నేనూ కాసేపు ముచ్చట పెట్టుకున్నాం. ఏం ముచ్చటో నాకు గుర్తులేదు. రోజుకు నేను మాట్లాడేదంతా గుర్తుపెట్టుకుంటే తల పగులుతుంది.

తర్వాత కొన్నాళ్ళు నేను పార్కులో సినిమా హీరోలా తిరిగాను. ఆపైన ఒక సాయంత్రం పైపోర్షన్ అమ్మాయి గేటు తోసుకుని వచ్చి, నావైపు చూడకుండా మెట్లెక్కబోయింది.

"ఏంది బిడ్డా, ఇయ్యాల తిన్నవా అని అడగలే?"

"అడిగి అడిగి నోరు నొస్తున్నది తాతా. పొద్దటి సంది నిన్నే అడుగుతున్న." మెట్టు మీద కూర్చుంది. "ఫెయిలైన."

"నన్ను అడిగి ఫెయిలైనవా?"

"నేనొక్కదాన్నే గాదు, క్లాసు క్లాసే. గోలీలు ఏస్కుంటున్నవా అంటే ఏస్కుంటున్న అంటవ్. మళ్ళ అడుగుతే ఒట్టు బెడ్తవ్. మేడం గూడ పరేషాన్. ఎల్లుండి పెద్ద దవాఖానా నుంచి నర్సుల సూపరింటెండెంట్ వస్తున్నదట. మళ్ళ పరీక్ష ఆమె ముంగట్నే. పాసైనోళ్ళను డ్యూటీకి తీస్కుంటరు. కానోళ్ళు మళ్ళ పరీక్ష దాకా ఇంట్లనే."

పైనుంచి తల్లి బట్టలు తీస్తూ అంది. "ఇంట్ల ఎందుకుంటది? మా సూపర్‌వైజర్‌కు జెప్పి పెట్టిన. సోమవారం సంది నాతోని ప్యాకింగ్‌కు వస్తది. తల్లీబిడ్డలం కూసోని గోలీలు సదురుతం."

ఆమె గొంతులో కోపం లేదు. నాలుగేళ్ళు చదివించి అలసిపోయిన గొంతు అది. అమ్మాయి సంచీలోంచి తెల్ల ఏప్రన్ తీసి మడతపెట్టి మళ్ళీ లోపల పెట్టుకుంది.

"నువ్వేం ఫికర్ జేయకు. ఆ మంచం మీదోడు ఏడ నిజం జెప్తడో నాకెరుక. రేపు పోయి మేడంతోని మాట్లాడుత. నేను జెప్పిన ప్రతి మాట యాదున్నది నాకు."

ఒక్క మాట కూడా గుర్తులేదు.

మర్నాడు నాచారం వెళ్ళాను. మేడం కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. ఒప్పుకునే మాట రికార్డు చేశారా లేదా సార్ అని అడిగింది. చేసే ఉంటానన్నాను. కెమెరాల సెట్టింగంతా విప్పేసి తీసుకెళ్ళారట, మళ్ళీ తీయడానికి టైము లేదట. రేపు పాత దొరనే కూర్చోబెడదామంటే, ఆ సూపరింటెండెంట్ వచ్చేదే మన మాట మాట్లాడే పేషెంటును చూద్దామని.

"అద్దాలు ఇటివ్వండి. నేనే అడుగుతాను. నా దగ్గర దాస్తాడా" అన్నాను.

తలకు పట్టీ బిగించారు. గది గదిలాగే ఉంది. మంచం మీద నేను కూర్చుని ఉన్నాను. రోజూ అద్దంలో చూసుకునే మనిషి కాదు. అద్దంలో నేను పొట్ట లోపలికి పీల్చుకుంటాను. వీడికి ఆ అక్కర లేదు.

"ఏం పెద్దాయనా, గోలీలు ఏస్కుంటున్నవా?"

తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు. "గడియారం తప్పుతదేమో గని నేను తప్ప బిడ్డా."

"బిడ్డా ఏంది. నేను నీకంటె ఒక్క రోజు గూడ చిన్నోణ్ణి గాదు. నిజం జెప్పు."

మళ్ళీ మెడ తుడుచుకున్నాడు. "మా ముసల్దాని మీద ఒట్టు. ఒక్కనాడు తప్పలే."

"ఎవలి ముసల్దాని మీద ఒట్టు బెడ్తున్నవ్?"

"జర గట్టిగ మాట్లాడు బిడ్డా, ఇనరాలే."

తన దగ్గర జవాబు లేకపోతే వాడు ఆ మాట అంటాడు. బతిమాలాను. తిట్టాను. ఇంటి సంగతులు, కంపెనీ సంగతులు ఎత్తాను. కంపెనీ అనగానే ఇంజినీరునన్నాడు. అక్కడితో నాకు ఓపిక చచ్చిపోయి వాడి బనీను పట్టుకోబోయాను. చెయ్యి వాడిలోంచి దూరిపోయి మంచం కడ్డీకి తగిలింది. అద్దాలు తీసేసరికి వేళ్ళు వాచాయి. మేడం ఐసు తెప్పించింది.

ఒక్కటి మాత్రం నేర్చుకున్నాను, చదువు కోసం పెట్టిన యంత్రమే కదా. అబద్ధం చెప్పబోయే ప్రతిసారీ వాడు తువ్వాలతో మెడ తుడుచుకుంటున్నాడు. నేను మాట్లాడుతుంటే మా ఆవిడ నా నోటివైపు కాక భుజంవైపు ఎందుకు చూస్తుందో ఇన్నేళ్ళ తర్వాత అర్థమైంది.

"ఏమైంది తాతా?" అని ఆ సాయంత్రం అమ్మాయి గేటు దగ్గరే నిలబడి అడిగింది.

వాచిన చెయ్యి వెనక పెట్టుకున్నాను. "పట్టిన. వానికి సూదంటే పానం పోతది. సూదేస్త అను, గడగడ కక్కుతడు."

సూదంటే ప్రాణం పోయేది నాకు. ఇద్దరం ఒకటే కదా అనుకున్నాను. ఆ అమ్మాయి తల ఊపింది. ఆ ఊపడంలో కాస్త ఆశ ఉంది. అది చూశాక ఆ రాత్రి నాకు అన్నం సరిగ్గా సహించలేదు. అయినా చెంబు తీసుకుని కుండీకి నీళ్ళు పోయడం మానలేదు.

పరీక్ష రోజు మేడం నన్ను కూడా రమ్మంది. పేషెంటు తప్పు చెబితే అసలు మనిషిని చూపించి, ఇదిగో ఈయన తీరే ఇది అని చెప్పుకోవచ్చని కాబోలు. గది చివర కుర్చీ వేశారు. గోడ మీద పెద్ద టీవీలో, అద్దాలు పెట్టుకున్న అమ్మాయికి ఏం కనిపిస్తే అది మాకందరికీ కనిపిస్తుంది. సూపరింటెండెంట్ నడివయసు దాటిన మనిషి, ముఖంలో నవ్వు జాడ లేదు. ముందు వరుసలో కూర్చుని చేతులు కట్టుకుంది.

ఒక్కో అమ్మాయీ వచ్చింది. అందరిదీ ఒకటే తీరు. "నమస్తే సార్, నేను మీ నర్సును. మీ సమస్య ఏమిటో చెప్పండి." బయట వరండాలో "ఏందే", "పోవే" అనుకునే పిల్లలే, ఏప్రన్ వేసుకోగానే వార్తలు చదివేవాళ్ళలా అయిపోతున్నారు. టీవీలో నేను ఒక్కొక్కరినీ ఓడించి పంపాను. గడియారం గురించి చెప్పినప్పుడు సూపరింటెండెంట్ వెనక్కి తిరిగి నావైపు చూసింది. నేను గోడ మీద ఫ్యాను స్విచ్చిని చూశాను.

మా పైపోర్షన్ అమ్మాయి వంతు వచ్చింది.

"నమస్తే సార్, నేను మీ నర్సును. మీరు బీపీ గోలీలు వేసుకుంటున్నారా?"

తువ్వాల, మెడ, గడియారం.

"నిజం చెప్పకపోతే సూది వేయాల్సి వస్తుంది సార్."

టీవీలో నేను బనీను చేయి పైకి లాగి జబ్బ చూపించాను. "సూదా? గీ జబ్బకు ఎన్ని సూదులు సూసిన. ఏస్కో బిడ్డా, ఏడ ఏస్తవో ఏస్కో."

కొందరు పిల్లలు నవ్వారు. రికార్డింగ్ రోజు ఆ గొప్ప కూడా కొట్టి ఉంటాను. ఆ అమ్మాయి నవ్వలేదు. ఇంక అడగడానికి ఏమీ మిగలనట్టు నిలబడిపోయింది. టీవీలో దృశ్యం కొంచెం కొంచెం వణుకుతోంది, అద్దాలు ఆమె తల మీద ఉన్నాయి కాబట్టి. మేడం గడియారం చూసుకుంది. నాకు పైన బట్టలు తీస్తూ మాట్లాడిన తల్లి గుర్తొచ్చింది, సోమవారం గుర్తొచ్చింది. ఆ మంచం మీదివాణ్ణి నిజంగా కొట్టగలిగితే కొట్టేవాణ్ణే.

అప్పుడు ఆ అమ్మాయి స్టూలు లాక్కుని కూర్చుంది. అలసిపోయి కూర్చుందనుకుంటాను. పొద్దంతా తిరిగి గేటు తోసుకుని వచ్చిన మనిషి గొంతుతో అంది.

"తిన్నవా తాతా?"

టీవీలో నా చెయ్యి తువ్వాల మీదికి వెళ్ళలేదు. కాళ్ళు కాస్త చాపుకున్నాను.

"తిన్న. పెరుగన్నం పెట్టిన్రు. తినుడుకేంది, తిన్నంకనే తిప్పలు. గోలీ ఏస్కొమ్మంటరు. అది ఏస్కుంటె లేసి నిలవడంగనే తల్కాయ గిర్రున తిరుగుతది. ఒకనాడు పార్కుల అందరి ముంగట తూలిన. పరువు పోయింది. గందుకే మానేసిన. బతుకమ్మ పండుగ సంది ఏస్కుంటలే. మా ముసల్దానికి తెల్వద్దు. కరివేపాకు కుండీల గుచ్చి పైకెల్లి నీళ్ళు పోస్తున్న. మొక్కంటె ఎంత పావురమో, ఎంత ప్రేమనో ఈయనకు అనుకుంటది పిచ్చిది."

గదిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయాను. అంతలో ఆ మాటలు పరీక్ష కాగితంలోవి కావనీ, నావేననీ తలకెక్కింది.

అమ్మాయి మాత్రం ఇంకా పేషెంటునే చూస్తోంది. "తూలినవు గద, పడ్డవా తాతా? దెబ్బ తాకిందా?"

"జర గట్టిగ మాట్లాడు బిడ్డా, ఇనరాలే."

అద్దాలు తీసేసింది. స్టూలు మీదే వెనక్కి తిరిగి, గది చివర కూర్చున్న నన్ను అడిగింది.

"తాతా, పార్కుల పడ్డవా?"

పడ్డానా, ఎవరు చెప్పారు, అదేదో కథ కోసం అన్నాను అని చెప్పడానికి నోరు తెరిచాను. చెయ్యి దానంతట అదే భుజం మీది తువ్వాల దాకా వెళ్ళింది. అక్కడ ఆగిపోయింది. గదిలో ఉన్న పిల్లలందరూ పొద్దుటినుంచి టీవీలో నన్నే చదువుతున్నారు. ఇప్పుడు అందరూ నా చేతివైపే చూస్తున్నారు. సూపరింటెండెంట్ కూడా.

చెయ్యి దించుకున్నాను.

"పడలే బిడ్డా. పడబోయిన. బావ పట్టుకున్నడు."

"గోలీలు నిజంగనే కుండీలనా?"

"నిజంగనే."

ఆమె బీపీ పట్టీ తెచ్చి నా జబ్బకు చుట్టింది. తిట్టలేదు. ఎందుకు చేశావని కూడా అడగలేదు. లేచి నిలబడగానే తిరుగుతదా, కూర్చున్నప్పుడు గూడ తిరుగుతదా, రాత్రి లేచినప్పుడెట్లుంటది అని ఒక్కొక్కటే అడిగింది. అన్నిటికీ నిజం చెప్పాను. నా జన్మలో వరుసగా అన్ని నిజాలు చెప్పడం అదే మొదలు, నీరసం వచ్చింది. యంత్రంలో అంకె చూసి ఆమె ముఖం మారింది. సూపరింటెండెంట్ లేచి వచ్చి తనూ చూసింది.

"ఏం చేస్తావ్?" అని అమ్మాయిని అడిగింది.

"ఇయ్యాలనే డాక్టర్‌కు చూపించాలె మేడం. గోలీ పడ్తలేదని చెప్పాలె. వేరేది ఇస్తరేమో. లేసేటప్పుడు మెల్లగ లేవమని తాతకు చెప్పాలె."

"తిన్నవా అని అడగమని ఎవరు నేర్పిన్రు?"

అమ్మాయి తడబడింది. "ఎవరు నేర్పలే మేడం. రోజు అడుగుత. ఇయ్యాల పరీక్ష అని అడగలే. ఎన్కకెల్లి అడిగిన."

సూపరింటెండెంట్ కట్టుకున్న చేతులు విప్పింది. "సోమవారం డ్యూటీకి రా. ఈ పెద్దాయనను మాత్రం సోమవారం దాకా ఉంచకు, ఇప్పుడే తీస్కపో."

తర్వాత ఆ నెమ్మదైన కరీంనగర్ ఆయనకు ఫోన్ చేశాను. కోప్పడదామనే చేశాను. "బాపూ, అన్నం తిన్నంక కెమెరాలు ఆపలే. తిన్నవా బాపూ అని అడిగితే నువ్వు ఎంత మంచిగ మాట్లాడినవో. పారేయ మనసొప్పలే. ఉత్త ముచ్చట్ల కింద పెట్టిన, ఎవలన్న తిన్నవా అంటే రావాలెనని" అన్నాడు. కోపం రాలేదు. పొద్దంతా నేను కష్టపడి నటించినదాంట్లో ఆయనకు బాగుందనిపించింది నేను నటించని ముక్క ఒక్కటే.

డాక్టరు గోలీ మార్చాడు. కొత్తది వేసుకుంటే తల తిరగడం లేదు. ఇంత సులువైన పనికి ఇన్ని నెలలు కరివేపాకు చెట్టుకు బీపీ తగ్గించాను. పరీక్ష రోజు సాయంత్రమే, అమ్మాయి సంగతి చెప్పగానే, మా ఆవిడ కుండీ ముందు కూర్చుని చెంచాతో మన్ను తవ్వింది. కరిగి సగమైన గోలీలు, తెల్లటి ముద్దలు. అన్నీ ఏరి ఒక పళ్ళెంలో పోసి నా ముందు పెట్టింది.

"మన్నుల తెల్లగ కనపడ్తుంటె సున్నమేమో అనుకున్న. మొక్కకు మంచిదని ఊకున్న."

"మొక్కకు గూడ మంచిదే గదనే."

"నా మీద ఒట్టు బెట్టినవట గద, ఆ అద్దాలల్ల. పోతే ఎవలు పోవాలె, నేనా?"

జర గట్టిగా మాట్లాడు, వినరాలేదు అందామనుకున్నాను. ధైర్యం చాలలేదు.

పైపోర్షన్ తల్లి ఆ రోజు కిందికి దిగి వచ్చి, పళ్ళెంలో గోలీలనూ వాటి అట్ట మీది ఎర్ర గీతనూ చాలాసేపు చూసింది. అవి వాళ్ళ కంపెనీవేనట. "గింత కష్టపడి సదిరితే నువ్వు మన్నుల పెడ్తివా తాతా" అంది. కాని ముఖం నిండా నవ్వే. సూపర్‌వైజర్‌కు ఫోన్ చేసి, మా బిడ్డ రాదు, దవాఖానాల నౌకరైంది అని గల్లీకంతా వినపడేలా చెప్పింది.

మంచం మీది ముసలాయన ఇంకా అక్కడే ఉన్నాడు. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు గుట్టు చెప్పేశారట, ఇప్పుడు అద్దాలు పెట్టుకున్న ప్రతి అమ్మాయీ మొదట తిన్నవా అనే అడుగుతోందట. పరీక్షగా వాడు పనికిరాడు కాబట్టి కొత్త పేషెంటు కావాలని మేడం కబురు పెట్టింది, ఈసారి మా ఆవిడను. ఆమె ఆలోచిస్తానంది. పార్కులో నేను చెప్పింది మాత్రం వేరు, నా పాఠం అంత బాగుంది గనక దాన్ని మార్చడం లేదని. బావ నా భుజం వంక చూశాడు. ఆయనకెవరు చెప్పారో.

ఆ అమ్మాయిది ఇప్పుడు షిఫ్టు డ్యూటీ. ఒక్కోరోజు పొద్దున మెట్రో దిగి ఇంటికి వస్తుంది, కళ్ళు ఎర్రగా, జడ ఊడిపోయి. గేటు తోసి, సంచీ దింపకముందే అడుగుతుంది.

"తిన్నవా తాతా?"

"తిన్న బిడ్డా. గోలీ గూడ ఏస్కున్న."

"చేతులు కిందికి పెట్టి జెప్పు."

రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని మళ్ళీ చెప్పాను.